నెల జీతమా, గంట కూలీయా?

ఈ మధ్య మన సంఘం వారు జరిపే ఏ సమావేశానికి వెళ్ళినా, పులిహోరలో పులుపు తగ్గిందన్న చర్చ అయిపోగానే మొదలయ్యే ప్రశ్న ఒకటే: “ఉన్న ఉద్యోగం వదిలి కంట్రాక్టులోకి పోదామా, వద్దా?” సాఫ్ట్‌వేర్‌లో ఉన్న మగవారు అడుగుతారు, వారి ఇల్లాళ్ళు అడుగుతారు. ఇల్లాలే సాఫ్ట్‌వేర్‌లో ఉంటే వారి మగవారు అడుగుతారు. డాక్టర్లము కదా, మమ్మల్ని ఎందుకు అడుగుతారంటారేమో! మొదటి ప్రశ్న రక్తపోటు గూర్చి, రెండవది ఇన్సూరెన్సు గూర్చి, మూడవది అసలు సంగతి. అందుచేత ఈ నెల మన శీర్షికలో మందులూ మాకులూ కాస్త పక్కకు పెట్టి ఈ విషయమే వ్రాయదలచాము. మా ఇంట్లోనూ ఇదే చర్చ నడుస్తున్నది. మావారు పదకొండేళ్ళుగా ఒకే కంపెనీలో పనిచేస్తున్నారు. రెండు నెలల క్రితం ఒక కంట్రాక్టు కబురు వచ్చింది. కాబట్టి లెక్కలు కాగితం మీద వేసి చూడవలసిన అవసరం మాకూ కలిగింది.

ముందు మాటల సంగతి చూద్దాము. “పర్మనెంటు ఉద్యోగం” అంటాము మనం. ఈ మాట మనతోపాటు విమానమెక్కి వచ్చింది. మన నాన్నల తరంలో ఉద్యోగమంటే మొదట టెంపరరీ, తరువాత ప్రొబేషను, ఆ పైన పర్మనెంటు ఆర్డరు. ఆ కాగితం చేతికి వచ్చిన నాడు ఇంట్లో పాయసం వండేవారు. పిల్లనిచ్చేవారు ఆ తరువాతే గుమ్మం తొక్కేవారు. సర్కారు ఉద్యోగిని మామూలుగా విచారణ జరపకుండా తీసివేయటానికి వీలు లేదని మన రాజ్యాంగంలో 311వ అధికరణమే ఉన్నది. ఈ దేశంలో ప్రైవేటు కంపెనీల సంగతి అది కాదు. ఒక్క మొంటానా తప్ప మిగిలిన రాష్ట్రాలన్నిటిలోనూ, ఒప్పందంలో వేరుగా వ్రాసుకొని ఉంటే తప్ప, యజమాని కారణం చెప్పకుండానే ఉద్యోగిని పంపివేయవచ్చు. జాతి, మతం, వయస్సు వంటివి చూసి పంపివేయరాదు, అంతే. 2022 నవంబరులో మెటా కంపెనీ 11,000 మందిని, 2023 జనవరిలో గూగుల్ యాజమాన్యం 12,000 మందిని తీసివేస్తున్నట్లు ప్రకటించినప్పుడు, ఆ వెళ్ళిపోయినవారంతా మన భాషలో “పర్మనెంటు” వారే.

కాబట్టి ఒకటి స్థిరం, రెండవది అస్థిరం అనుకోవటం సరి కాదు. ఇక్కడ రెండూ అస్థిరమే. తేడా అల్లా ఆ అస్థిరత్వం బరువు ఎవరి నెత్తిన ఉన్నదనేది. జబ్బు చేసిన రోజులకు, పండుగ రోజులకు, పని లేని వారాలకు, ఇన్సూరెన్సుకు, పన్నులో సగానికి నెల జీతం ఉద్యోగంలో కంపెనీ కొంత భుజం పడుతుంది. కంట్రాక్టులో అదంతా మనదే. ఆ బరువుకు తగిన కూలి ఇస్తున్నారా లేదా అన్నదే లెక్క.

కూలి అన్నామని నొచ్చుకోకండి. మన పల్లెల్లో పని కుదుర్చుకోవటం మూడు రకాలు. ఏడాదికి ఇంత అని కుదిరితే జీతం. రోజుకు ఇంత అంటే కూలి. ఈ చేనంతా కోసి కుప్ప వేసినందుకు మొత్తం ఇంత అంటే గుత్త. గుత్తలో పని ముందుగా ముగిస్తే లాభం మనది, ఆలస్యమైతే నష్టమూ మనదే. కంట్రాక్టు అనే ఇంగ్లీషు మాటకు అసలు అర్థం గుత్త. కాని సాఫ్ట్‌వేర్‌లో మనవారు కంట్రాక్టు అంటున్నది నూటికి తొంభై పాళ్ళు గుత్త కాదు, గంటకు ఇంత అని లెక్కగట్టే కూలి. మధ్యలో ఒక మేస్త్రి కూడా ఉంటాడు. ఒక్కొక్కప్పుడు మేస్త్రి వెనుక ఇంకో మేస్త్రి ఉంటాడు. పని చేయించుకొనే కంపెనీ గంటకు 120 డాలర్లు ఇస్తే, చేతులు మారి మనవాడికి 85 చేరవచ్చు. అడగటానికి మొహమాటపడవద్దు: “పై వారు ఎంత ఇస్తున్నారు? మధ్యలో ఎందరున్నారు?” చెప్పటం చెప్పకపోవటం వారి ఇష్టం. కాని అడిగినవాడికీ అడగనివాడికీ ఇచ్చే రేటులో తేడా ఉంటుంది.

ఈ మేస్త్రి ఎక్కడినుంచి వచ్చాడో కూడా తెలుసుకోదగినదే. 1986 పన్నుల చట్టంలో 1706వ సెక్షను అని ఒకటి పెట్టారు. మధ్యవర్తి ద్వారా పనిచేసే ఇంజనీర్లు, ప్రోగ్రామర్లు, సిస్టమ్స్ ఎనలిస్టులు తాము స్వతంత్రులమని చెప్పుకొనటానికి అంతకుముందు చట్టంలో ఉన్న ఒక రక్షణను ఆ సెక్షను తీసివేసింది. దానితో కంపెనీలు భయపడి, “మీరు ఏదైనా ఏజెన్సీలో ఉద్యోగిగా చేరి మా దగ్గరకు రండి” అనటం మొదలుపెట్టాయి. ఇంకో వైపు, మైక్రోసాఫ్ట్ కంపెనీలో ఏళ్ళ తరబడి “తాత్కాలికం” పేరుతో పనిచేసినవారు, మాకూ ఉద్యోగుల సౌకర్యాలు రావాలని 1992లో దావా వేశారు. అది 2000 సంవత్సరంలో 9 కోట్ల 70 లక్షల డాలర్లకు రాజీ అయింది. అటు తరువాత చాలా కంపెనీలు కంట్రాక్టు వారిని ఇన్ని నెలలకంటె ఉంచమని గడువులు పెట్టుకొన్నాయి. బాగా పనిచేస్తున్న మనిషిని కూడా ఏడాదో ఏడాదిన్నరో కాగానే పంపివేస్తున్నారంటే అది అతని తప్పు కాకపోవచ్చు.

ఇక రకాలు. ఏజెన్సీలో గంట కూలికి ఉద్యోగిగా చేరటం ఒకటి. దీనినే డబ్ల్యు-2 కంట్రాక్టు అంటారు. సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ పన్నులో యజమాని వాటా ఏజెన్సీ కడుతుంది. పని పోతే నిరుద్యోగ భృతికి అర్హత ఉంటుంది. రెండవది 1099. ఇందులో మనం ఎవరి ఉద్యోగులమూ కాము. పన్ను ఎవరూ కోయరు, మనమే ఏప్రిల్, జూన్, సెప్టెంబరు, జనవరి నెలల 15వ తేదీలకు కట్టుకోవాలి. మూడవది సొంత కంపెనీ పెట్టి, ఆ కంపెనీకీ ఈ కంపెనీకీ ఒప్పందం వ్రాసుకోవటం. రేటు వినగానే సంతోషపడకుండా, ఆ రేటు ఈ మూడింటిలో దేనిదో మొట్టమొదట అడగాలి.

ఇప్పుడు కాగితం, పెన్సిలు తీసుకోండి. మనలో ఒకరికి నెల జీతం ఉద్యోగంలో ఏడాదికి 1,30,000 డాలర్లు వస్తున్నవనుకొందాము. 401(కె)లో కంపెనీ 4 శాతం, అంటే 5,200 కలుపుతున్నది. మొత్తం 1,35,200. కంట్రాక్టు వారు గంటకు 85 ఇస్తామన్నారు. మనవాడు వెంటనే 85ను 2,080 గంటలతో హెచ్చవేస్తాడు. 1,76,800! రాత్రి నిద్ర పట్టదు.

కాని ఆ 2,080 గంటలు ఏడాదిలో ఒక్క రోజూ మానకుండా పనిచేసేవాడి గంటలు. పండుగలు పది రోజులు, సెలవు పదిహేను రోజులు, జ్వరం వచ్చి పడుకొన్నవి అయిదు రోజులు తీసివేయండి. 240 గంటలు పోయి 1,840 మిగులుతాయి. ఒక కంట్రాక్టుకూ ఇంకో కంట్రాక్టుకూ మధ్య నాలుగు వారాలు ఖాళీ అనుకొంటే 1,680. ఇప్పుడు హెచ్చవేస్తే 1,42,800. అది 1099 రకమైతే, యజమాని కట్టవలసిన పన్ను వాటా కూడా మనమే కట్టాలి. మొత్తం 15.3 శాతంలో సగం. ఈ రాబడి మీద సుమారు 10,100 అవుతుంది. ఇక ఇన్సూరెన్సు. కె.ఎఫ్.ఎఫ్. అనే సంస్థ ఏటా జరిపే సర్వే ప్రకారం, కంపెనీల ద్వారా వచ్చే కుటుంబ ఇన్సూరెన్సుకు 2025లో సగటున ఏడాదికి 26,993 డాలర్లు అయింది. అందులో ఉద్యోగి జీతంలోంచి పోయినది 6,850 మాత్రమే. మిగిలిన 20,143 కంపెనీ కట్టినది. మన జీతం కాగితంలో అది పెద్దగా కనిపించదు గనుక మనకు దాని ఊసే తెలియదు. అదీ తీసివేస్తే చేతికి మిగిలేది సుమారు 1,12,600. అంటే 1,76,800 అని నిద్రపోనివాడు, తనకు ఇప్పుడు ఉన్న 1,35,200 కంటె 22,000 పైచిలుకు తక్కువకు ఒప్పుకొంటున్నాడన్నమాట! మబ్బులు చూసి ముంతలో నీళ్ళు ఒలకబోసుకోవటం ఇదే.

ఇదే లెక్క తిరగవేస్తే, అతనికి గంటకు ఇంచుమించు 100 డాలర్లు ఇస్తే గాని పాత ఉద్యోగంతో సమానం కాదు. కాని భార్యకో భర్తకో ఉద్యోగంలో కుటుంబమంతటికీ ఇన్సూరెన్సు ఉన్నదనుకోండి. అప్పుడు 87 దగ్గరే సమానమవుతుంది. పైగా 1099 కాక డబ్ల్యు-2 రకమైతే 81 చాలు. ఒకే రేటు, ఒకే పని. ఒక ఇంటికి నష్టం, పక్క ఇంటికి కాస్త లాభం. అందుకే “ఫలానావారు వెళ్ళారు, బాగున్నారు, మనమూ వెళదాము” అనటం పులిని చూసి నక్క వాత పెట్టుకొన్న చందమని మా మనవి. పన్నులో తగ్గింపులు కొన్ని ఉన్నవి. సొంతంగా కట్టుకొన్న ఇన్సూరెన్సు, సొంత పన్నులో సగం, సొంతంగా పెట్టుకొనే 401(కె) వంటివి. అవి మీ అకౌంటెంటు చూస్తారు. వాటితో లెక్క కొంచెం అటూ ఇటూ అవుతుంది గాని తలక్రిందులు కాదు.

ఇంకో సంగతి, డబ్బు చేతికి వచ్చే రోజు. సొంత కంపెనీ పేరు మీద పనిచేసేవారికి, బిల్లు పంపిన 30 రోజులకో 60 రోజులకో ఇస్తామని ఒప్పందంలో ఉంటుంది. జనవరి 1న పని మొదలుపెట్టి, 31న బిల్లు పంపి, 60 రోజులు ఆగితే మొదటి డాలరు చూసేది ఏప్రిల్‌లో. ఇంటి వాయిదా మాత్రం ఫిబ్రవరి 1నే కట్టాలి.

ఇక మా శాఖలోకి వస్తాము. గుర్తులు మార్చి ఒక సంగతి చెబుతాము. నలభై దాటిన మనవారొకరు, చక్కెర వ్యాధి ఉన్నవారు, కంట్రాక్టు ముగియటంతో ఇన్సూరెన్సు పోయింది. తరువాతి పని ఏడు వారాల తరువాత. “అంతవరకే కదా” అని పరీక్షలు మానారు, మాత్రలు రోజు విడిచి రోజు వేసుకొన్నారు, తరువాత అవీ అయిపోయినవి. కాలి మీద చిన్న పుండు లేచింది. దానిని కూడా కొత్త ఇన్సూరెన్సు వచ్చాక చూపిద్దామనుకొన్నారు. చివరకు ఆస్పత్రిలో ఎమర్జెన్సీకి వచ్చేటప్పటికి చక్కెర 400 దాటి ఉన్నది, పుండు పాదంలోకి దిగింది. పాదం దక్కింది. రెండు వేళ్ళు దక్కలేదు. ఆ మనిషి చదువు లేనివారు కారు. పెద్ద పెద్ద బ్యాంకులకు ప్రోగ్రాములు వ్రాసినవారు. తెలియనిదల్లా ఒక చట్టం.

ఆ చట్టం పేరు కోబ్రా. పేరు పాముదే గాని కరిచేది కాదు, 1986లో వచ్చినది. ఇరవై మంది, ఆపైన ఉద్యోగులున్న కంపెనీలో ఇన్సూరెన్సు ఉన్నవారు, ఉద్యోగం పోయినా మానినా అదే ఇన్సూరెన్సును మామూలుగా 18 నెలల వరకు ఉంచుకోవచ్చు. ఖర్చు మాత్రం మొత్తం మనదే. కంపెనీ వాటా, మన వాటా, పైన 2 శాతం కలిపి కట్టాలి. ముఖ్యమైనది ఇది: కావాలో వద్దో చెప్పటానికి కనీసం 60 రోజులు గడువు ఉంటుంది. ఆ లోపల ఎప్పుడు “కావాలి” అన్నా, పాత ఇన్సూరెన్సు పోయిన రోజు నుంచే వర్తిస్తుంది, ఆ రోజు నుంచి డబ్బు కట్టాలి. అంటే ఏడు వారాల ఖాళీకి ఏమీ కట్టకుండానే ఆగి చూడవచ్చు. ఏమీ కాకపోతే సరే. పుండు లేచిన రోజున సంతకం పెట్టి ఆస్పత్రికి వెళ్ళవచ్చు. మా రోగికి ఆ కాగితం పోస్టులో వచ్చింది కూడాను. నెలకు రెండు వేల పైన అని చూసి చెత్తబుట్టలో వేశారట.

ఏజెన్సీలో ఇరవై మంది లేకపోతే కేంద్ర చట్టం వర్తించదు, కాని చాలా రాష్ట్రాలు ఇటువంటిదే చిన్న చట్టం చేసుకొన్నవి. అదీ కాకపోతే, 2010 నాటి ఆరోగ్య చట్టం క్రింద, ఉద్యోగపు ఇన్సూరెన్సు పోయిన 60 రోజులలో మార్కెట్టు ఇన్సూరెన్సు కొనుక్కోవచ్చు. 2014 నుంచి పాత జబ్బు ఉన్నదని ఎవరినీ తిప్పి పంపరాదు, గర్భవతినీ తిప్పి పంపరాదు. కాని ఏడాది మధ్యలో ఇన్సూరెన్సు మారితే డిడక్టిబుల్ మళ్ళీ మొదటినుంచి లెక్క. ఏడవ నెల గర్భంతో ఉన్న అమ్మాయికి అంతవరకు చూసిన డాక్టరు కొత్త ఇన్సూరెన్సులో ఉండకపోవచ్చు. ఇంట్లో పురుడు ఉన్న ఏడాది, శస్త్రచికిత్స తలపెట్టిన ఏడాది కంట్రాక్టుకు ముహూర్తం కాదు. మారటమే తప్పకపోతే డిసెంబరు, జనవరి మధ్య మారటం మేలు. ఇన్సూరెన్సు లేకపోయినా మెట్‌ఫార్మిన్ వంటి పాత మందులు కొద్ది డాలర్లకే దొరుకుతాయి. మందు మానవద్దు. మానేముందు ఏ డాక్టరుకైనా ఒక ఫోను చెయ్యండి, మాకైనా సరే.

మనవారు బొత్తిగా పట్టించుకోనిది ఇంకొకటి ఉన్నది. ప్రాణం పోతే వచ్చే ఇన్సూరెన్సు అందరికీ ఉన్నది. పనిచేసే శక్తి పోతే వచ్చే ఇన్సూరెన్సు, అదే డిసెబిలిటీ, కంపెనీ ఇచ్చినది తప్ప సొంతంగా కొనుక్కొన్నవారు మా ఎరికలో బహు తక్కువ. కంపెనీ వదలిన రోజున అది మామూలుగా పోతుంది. నలభై ఏళ్ళవాడు చనిపోవటం కంటె, వెన్నుపూస జారో గుండెపోటు వచ్చో కొన్ని నెలలు పని మానవలసి రావటమే ఎక్కువ చూస్తుంటాము. మన దక్షిణాసియా వారికి గుండె జబ్బు, చక్కెర వ్యాధి తెల్లవారికంటె చిన్న వయస్సులోనే వస్తున్నవని తెలిసిన విషయమే. ఆరోగ్య ఇన్సూరెన్సు వలె కాక, ప్రాణానికీ డిసెబిలిటీకీ ఇన్సూరెన్సు ఇచ్చేవారు పాత జబ్బు చూసి కాదనవచ్చు. కంట్రాక్టులోకి కొత్తగా దిగినవారిని రెండేళ్ళ రాబడి చూపించమనీ అడుగుతారు. ఇల్లు కొనటానికి అప్పు ఇచ్చేవారి పద్ధతీ అంతే. 1099 రాబడి అయితే మామూలుగా రెండేళ్ళ పన్ను కాగితాలు చూస్తారు. కాబట్టి నెల జీతం కాగితం చేతిలో ఉండగానే ఆ ఇన్సూరెన్సు కొనుక్కోవటం, ఆ ఇంటి అప్పు తెచ్చుకోవటం. దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవటమంటే ఇదే కదా.

వీసా సంగతి చెప్పకపోతే మన పత్రిక పాఠకులు ఊరుకోరు. హెచ్-1బి మీద ఉన్నవారికి 1099 ఆలోచన లేదు. ఏ యజమాని దరఖాస్తు పెట్టాడో ఆ యజమాని దగ్గర ఉద్యోగిగానే ఉండాలి. ఏజెన్సీ ఉద్యోగంలోకి మారాలంటే ఆ ఏజెన్సీ మళ్ళీ దరఖాస్తు పెట్టాలి. ఉద్యోగం పోతే 2017 నుంచి గరిష్ఠంగా 60 రోజులు వెసులుబాటు ఉన్నది, వీసా గడువు అంతకుముందే తీరితే అంతవరకే. ఏజెన్సీలో చేరాక పని దొరకక “బెంచి” మీద కూర్చోవలసివస్తే, ఆ రోజులకు కూడా యజమాని జీతం ఇవ్వవలసినదే. 1998 నుంచీ చట్టంలో ఉన్న మాట అది. “ప్రాజెక్టు లేదు, జీతం లేదు, సర్దుకో” అనే పెద్దమనిషి మన ఊరివాడైనా, మన జిల్లావాడైనా, ఇంటికి పిలిచి బిర్యానీ పెట్టినా, చెబుతున్నది చట్టవిరుద్ధం. గ్రీన్‌కార్డు వరుసలో ఉన్నవారు, ఐ-140 మంజూరై 180 రోజులు నిండేదాకా కదలకపోవటం క్షేమం. నిండిన తరువాత పాత యజమాని వెనక్కు తీసుకొన్నా మామూలుగా వరుసలో మన తేదీ పోదు, హెచ్-1బి పొడిగింపులకూ పనికి వస్తుంది. అయితే కొత్త యజమాని మళ్ళీ మొదటినుంచి కాగితాలు పెట్టాలి. ఐ-485 వేసి 180 రోజులు దాటినవారికి అదే తరహా ఇంకో పనిలోకి మారే వీలు 2000 సంవత్సరపు చట్టం ఇచ్చింది. ఏది చేసినా ముందు వకీలును అడిగి చేయాలి, భోజనాల బల్ల దగ్గర మమ్మల్ని అడిగి కాదు.

మా వృత్తిలోనూ ఇది కొత్త కాదు. లోకమ్ అంటారు. వారానికో నెలకో ఒక ఊరు, అక్కడి డాక్టరు సెలవులో ఉంటే ఆ స్థానంలో పని. కాకినాడలో ఎం.బి.బి.ఎస్. చదివి, ఇక్కడ జె-1 వీసా మీద రెసిడెన్సీ ముగించి, ఆ వీసా నిబంధన ప్రకారం డాక్టర్లు చాలని ఒక చిన్న ఊరిలో మూడేళ్ళు పనిచేశాక మాకూ అటువంటి కబుర్లు వచ్చాయి. రోజు రేటు చూస్తే కళ్ళు చెదిరేది. అప్పుడు ఒక పెద్ద డాక్టరుగారు మాకు ఒకే ప్రశ్న నేర్పారు: “నువ్వు వెళ్ళిపోయిన తరువాత ఎవరైనా నీ మీద దావా వేస్తే, ఆ రోజున ఖర్చు ఎవరిది?” మా వైద్యుల ఇన్సూరెన్సులో దీనినే తోక అంటారు. వెనుకటి పనికి తరువాత వచ్చే దావాల కోసం విడిగా కొనుక్కోవలసినది. సాఫ్ట్‌వేర్ వారికీ ఇది వర్తిస్తుంది. సొంత కంపెనీ పేరు మీద పనిచేస్తే, తప్పు దొర్లి నష్టం వస్తే ఎవరు భరించాలో ఒప్పందంలో ఉంటుంది. బాధ్యత ఇన్సూరెన్సు తెమ్మని కూడా అడుగుతారు. చాలామంది సంతకం పెట్టేది రేటు ఉన్న పేజీ చూసి. చదవవలసినది దాని తరువాతి పేజీలు.

ఇంతా వ్రాసి, కంట్రాక్టు చెడ్డదంటున్నామనుకోకండి. అందులో మంచి లేకపోతే ఇంతమంది ఎందుకు వెళతారు? పనిచేసిన ప్రతి గంటకూ డబ్బు వస్తుంది. జీతగాడు శనివారం పనిచేస్తే వచ్చేది “థాంక్యూ” మాత్రమే. ఆఫీసు రాజకీయాలు, ఏడాదికొకసారి మార్కులు వేయించుకోవటం ఉండవు. రెండు కంట్రాక్టుల మధ్య ఆరు వారాలు ఇంటికి వెళ్ళి అమ్మ దగ్గర ఉండి రావచ్చు. రెండు వారాల సెలవుతో వెళ్ళి విమానపు అలసట తీరకముందే తిరిగి వచ్చేవారికి దాని విలువ తెలుసు. నాలుగు చోట్ల నాలుగు రకాల పనులు చూసినవాడి చెయ్యి తిరుగుతుంది. యాభై దాటి ఉద్యోగం పోయినవారిని నెల జీతానికి తీసుకోవటానికి వెనుకాడే కంపెనీ, గంట లెక్కన సంతోషంగా పిలుస్తుంది. అనుభవం చవుకగా, అవసరమైనంతవరకే దొరుకుతుంది గదా! పరువు విషయంలో కూడా ఏ చిన్నతనమూ లేదు. ఈ దేశంలో పెద్ద పెద్ద వకీళ్ళు గంట కూలివారే.

మా ఇంటి సంగతి అడుగుతారని తెలుసు. ఇన్సూరెన్సు మా ఆస్పత్రి ద్వారా వస్తున్నది. గ్రీన్‌కార్డు వచ్చింది. వచ్చిన రేటు పైన చెప్పిన 85కు దగ్గరే, జీతమూ పైన చెప్పినదానికి దగ్గరే. 1099 వద్దని, డబ్ల్యు-2 రకంగా ఇమ్మని అడిగితే ఒప్పుకొన్నారు. ఏడాదిలో నాలుగు వారాలు ఖాళీ అయితే ఏడు వేల పైచిలుకు లాభం. ఎనిమిది వారాలు ఖాళీ అయితే ఆరు వేలు నష్టం. అంటే డబ్బు ఎటూ తేల్చటం లేదు. ఈ మాట కాగితం మీద చూసుకొన్న తరువాతనే ఇద్దరమూ అసలు సంగతి మాట్లాడుకోగలిగాము. పదకొండేళ్ళుగా ఒకే పాత సిస్టమ్‌ను కనిపెట్టుకొని ఉన్నారు. దాని గుట్టు ఆయనకు తెలిసినంత ఆ కంపెనీలో ఎవరికీ తెలియదు, ఆ కంపెనీ బయట అది ఎవరికీ అక్కరలేదు. ఇంకో పదేళ్ళు ఇలాగే ఉండి, ఏభయ్యవ ఏట ఆ సిస్టమ్‌ను తీసివేస్తామంటే అప్పుడేమిటి? ఆయన భయం అది. మా భయం వేరు. రాత్రి డ్యూటీలు మావి, పిల్లను బడినుంచి తీసుకువచ్చేది ఆయన. కొత్త చోట సాయంత్రం ఆరు వరకు ఉండవలసివస్తే ఆ పని ఎవరు చేస్తారు? డబ్బు లెక్క కంటె ఈ లెక్కకు ఎక్కువ రాత్రులు పట్టాయి. చివరకు వెళ్ళమనే అన్నాము. వారానికి రెండు రోజులు ఇంటినుంచి పని అని ఒప్పందంలో వ్రాయించుకొని, డిసెబిలిటీ పాలసీ చేతికి వచ్చాక, వచ్చే నెలలో మారుతున్నారు. రాజమండ్రిలో మా మామగారికి, విద్యుత్ శాఖలో ముప్పయి మూడేళ్ళు చేసి రిటైరైనవారికి, ఫోనులో చెబితే కాసేపు మాట్లాడలేదు. తరువాత మెల్లిగా అడిగారు: “నిజం చెప్పు నాయనా, తీసేశారా?”

కాబట్టి మా సలహా అడిగేవారికి ఇక మీదట మేము అడిగే ప్రశ్నలు ఇవి. ఇంట్లో రెండవ వారికి ఇన్సూరెన్సు ఉన్నదా? కాగితాలు, అంటే వీసా సంగతి, ఏ మెట్టు మీద ఉన్నవి? ఆరు నెలల ఇంటి ఖర్చు బ్యాంకులో ఉన్నదా? ఇది స్టాకుల్లోనూ, అక్కడి ప్లాట్లలోనూ ఉన్నది కాదు, రేపు తీయగలిగినది. రేటును 2,080తో కాక 1,680తో హెచ్చవేశారా? ఈ ఏడాది ఇంట్లో పురుడుగాని, ఆపరేషన్‌గాని, ఇల్లు కొనటంగాని ఉన్నదా? మీ పని మీ కంపెనీ బయట ఎవరికైనా కావాలా? చివరిది, మేనేజరు మీద కోపంతో వెళుతున్నారా? ఒక్క కోపమే కారణమైతే ఇంకో నెల జీతం ఉద్యోగం వెదుక్కోండి, అది చవుక. మిగిలినవాటికి నాలుగింటికైనా మంచి సమాధానం ఉంటే ధైర్యంగా దిగవచ్చు. రెండే ఉంటే ఒక ఏడాది ఆగి, ఆ ఏడాదిలో మిగిలినవి చక్కబెట్టుకోవచ్చు. ఆగటం పిరికితనం కాదు.

ఈ లెక్కల్లో మేము చూడనిది ఏదైనా మీ అనుభవంలో ఉంటే, ముఖ్యంగా పది పదిహేనేళ్ళు కంట్రాక్టులోనే గడిపినవారు, దయచేసి సంపాదకులకు రెండు ముక్కలు వ్రాసి పంపండి. వచ్చే సంచికలో స్థలం ఉన్నంతవరకు వేస్తామన్నారు. వచ్చే నెల మళ్ళీ మా మామూలు పనిలోకి వస్తాము: వేసవికి ఇక్కడికి వచ్చే అమ్మానాన్నల మందుల సంచిలో ఏమేమి ఉండాలి, ఎన్ని నెలలకు సరిపడా తెచ్చుకోవాలి అన్నది విషయం. టిక్కెట్లు కొనేవారు అంతదాకా ఆగకుండా, ఇప్పుడే వారి మందుల చీటీలు, పాత ఇ.సి.జి. కాగితాలు ఒకచోట పెట్టించండి.